కొండ కింద వెయ్యెకరాల చదువు

*శ్రీబాగ్ మాట నుంచి చిరుత అడుగుల దాకా... డెబ్బై ఏళ్లు దాటిన ఎస్వీ యూనివర్సిటీ కథ*

పొద్దున ఏడు దాటింది. కడప వైపు నుంచి వచ్చిన ప్యాసింజరు రేణిగుంట జంక్షన్‌లో ఇంకా పూర్తిగా ఆగలేదు. తలుపు దగ్గర నిలబడ్డ కుర్రాళ్లు అప్పుడే ప్లాట్‌ఫారం మీదికి దూకేశారు. టీ తాగి మళ్లీ ఎక్కాలి. ఇంజను కదిలేలోపు అన్నీ అయిపోవాలి. కిటికీ పక్కన ముగ్గురమ్మాయిలు ఒకే ఫోన్ మీదికి వంగి ఉన్నారు. రాజంపేటలో ఒకరు, కోడూరులో ఇద్దరు ఎక్కారు. ఒళ్లో రికార్డు పుస్తకాలు, సంచిలో టిఫిన్ డబ్బా. "మే, మళ్లీ వచ్చిందంట చూడు" అంటూ ఒకమ్మాయి వీడియోను వెనక్కి జరిపింది. చీకట్లో గోడ వారగా ఏదో కదిలింది. రెండు కళ్లు మెరిశాయి, అంతే. ఎదురు సీట్లో పూలబుట్ట పెట్టుకున్న పెద్దావిడ మెడ చాచి చూసి, పులి తిరిగే చోటికి చదువుకోవడానికి పోతారా తల్లీ అని బుగ్గలు నొక్కుకుంది. పులి కాదవ్వా, చిరుత అని ముగ్గురూ ఒకేసారి సర్దిచెప్పారు. అవ్వకు ఆ తేడా పెద్ద ఊరటేమీ కలిగించినట్టు లేదు.

రైలు కదిలింది. తిరుపతికి ఇంకో పది కిలోమీటర్లు.

శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం పేరు ఈమధ్య వార్తల్లోకి ఎక్కువగా చిరుత వల్లే వస్తోంది. హాస్టళ్ల వెనక కనిపించిందనో, ఉద్యోగుల క్వార్టర్ల దగ్గర తిరిగిందనో, అటవీశాఖ వాళ్లు బోను పెట్టారనో చదువుతున్నాం. చీకటి పడ్డాక ఒంటరిగా తిరగొద్దని హెచ్చరికలు వస్తున్నాయి. ఇంట్లో అమ్మలు రోజుకు రెండుసార్లు ఫోన్ చేస్తున్నారు. కానీ ఆ ప్రాంగణంలో ఏడు దశాబ్దాలకు పైగా జరుగుతున్న అసలు కథ వేరే ఉంది. అది చిరుతకన్నా నెమ్మదిగా నడుస్తుంది కాబట్టి ఎవరూ వీడియో తీయరు.

ఎవరి ఇంట్లో ఎవరు?

ముందు ఆ చిరుత సంగతి తేల్చేద్దాం. క్యాంపస్ ఉన్నది శేషాచలం కొండల పాదాల దగ్గర. తిరుమల తిరుపతి దేవస్థానం ఇచ్చిన నేల అది. విస్తీర్ణం వెయ్యి ఎకరాల దాకా ఉంటుంది. ఆ రోజుల్లో ఊరు గోవిందరాజస్వామి గుడి చుట్టూ, రైల్వే స్టేషన్ చుట్టూ ముడుచుకుని ఉండేది. యూనివర్సిటీ ఊరి బయట. ఇప్పుడు ఊరు పెరిగి పెరిగి క్యాంపస్‌ను దాటేసింది. ఒకవైపు బైపాస్ రోడ్డు, జూపార్కు దారి. ఇంకోవైపు పశువైద్య, వ్యవసాయ, వైద్య, మహిళా విద్యాసంస్థలు. మధ్యలో చెట్లూ తుప్పలూ మిగిలిన ఒకే పెద్ద చోటు ఈ ప్రాంగణం. కొండ దిగిన జంతువుకు అక్కడ నీడ దొరుకుతుంది. హాస్టల్ మెస్‌ల చుట్టూ చేరే కుక్కల రూపంలో ఆహారమూ దొరుకుతుంది.

కొండ పైన శ్రీవేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం 1989 నుంచీ ఉంది. 2010లో శేషాచలాన్ని జీవావరణ పరిరక్షణ ప్రాంతంగా ప్రకటించారు. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఒక చిన్నారి చిరుత దాడిలో చనిపోయాక భయం గట్టిగా పట్టుకుంది. ఆ భయం న్యాయమైనదే, కాదనలేం. అయితే జూనియర్లను భయపెట్టడానికి సీనియర్లకు చిరుత అంత బాగా ఇంకేదీ పనికిరాదని హాస్టల్లో ఒక్క రాత్రి కూర్చున్నవాళ్లకు తెలుస్తుంది.

అనంతపురం అని రాసుకున్నారు

తెలుగువాళ్ల కోసం 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పుట్టింది. బెజవాడలో మొదలై వాల్తేరు చేరింది. దాన్ని ఎక్కడ పెట్టాలన్న వాదన మాత్రం చాలా ఏళ్లు చల్లారలేదు. రాయలసీమవాళ్ల అనుమానం ఒక్కటే. మద్రాసు నుంచి విడిపోయి రాష్ట్రం తెచ్చుకున్నా నీళ్లూ, ఆఫీసులూ, చదువులూ సముద్రం వైపే పోతాయా?

ఆ అనుమానం తీర్చడానికే 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు ఇంట్లో రెండు ప్రాంతాల నాయకులూ కూర్చున్నారు. ఆ ఇంటి పేరు శ్రీబాగ్. సీమ పక్షాన కల్లూరు సుబ్బారావు, కడప కోటిరెడ్డి, పప్పూరి రామాచార్యులు లాంటివాళ్లు. రాసుకున్న ఒప్పందంలో కృష్ణ, తుంగభద్ర, పెన్న నీళ్ల ప్రస్తావన ఉంది. రాజధాని, హైకోర్టుల్లో ఏది కావాలో ఎంచుకునే హక్కు సంగతీ ఉంది. వాటితోపాటు చదువు మాట కూడా రాశారు: వాల్తేరులో ఒకటి, అనంతపురంలో ఒకటి చొప్పున రెండు విశ్వవిద్యాలయ కేంద్రాలు పెంచాలని.

నీళ్ల గురించి ఇప్పటికీ సభలు పెట్టుకుంటాం, కొట్లాడుకుంటాం. అదే కాగితంలో ఉన్న చదువు మాట మాత్రం ఎవరికీ గుర్తుండదు. నా లెక్కలో శ్రీబాగ్ మాటల్లో కాస్తో కూస్తో నిలబడింది ఇదొక్కటే. అదీ రాసుకున్న ఊళ్లో కాదు.

1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం పంతులు. ఉప ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి అనంతపురం జిల్లా మనిషే. కొత్త రాష్ట్రం ఖజానా ఖాళీ. విశ్వవిద్యాలయం అంటే భవనాలు కావాలి, భూమి కావాలి, జీతాలు కావాలి. అవన్నీ సమకూర్చగలిగే స్తోమత సీమలో ఒక్క చోటే ఉంది, తిరుపతి దేవస్థానం దగ్గర. దేవస్థానం అప్పటికే 1945లో తిరుపతిలో ఆర్ట్స్ కాలేజీ పెట్టి నడుపుతోంది. 1954 సెప్టెంబరు 2న విశ్వవిద్యాలయం ఏర్పడింది. మొదటి ఉపకులపతి ఎస్. గోవిందరాజులు నాయుడు. రెండు నెలలు దాటాయో లేదో, మద్యనిషేధం గొడవలో ప్రకాశం ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. ఇంకాస్త ఆలస్యమై ఉంటే ఈ ఫైలు ఏ బీరువాలో ఉండేదో!

ఆ తర్వాత ఏడేళ్లలో తిరుపతి ముఖమే మారిపోయింది. 1955లో పశువైద్య కళాశాల, 1959లో యూనివర్సిటీ ఇంజినీరింగ్ కళాశాల, 1960లో వైద్య కళాశాల, 1961లో వ్యవసాయ కళాశాల వచ్చాయి. గుండు చేయించుకోవడానికి వచ్చే ఊరు అడ్మిషన్ కోసం వచ్చే ఊరు కూడా అయింది.

---

రాగిరేకులూ తాళపత్రాలూ

యూనివర్సిటీకన్నా ముందు పుట్టిన విభాగం యూనివర్సిటీలో ఉంది. దేవస్థానం 1939లో ప్రాచ్య పరిశోధన సంస్థను నెలకొల్పింది. తిరుమల గుడిలో బయటపడిన అన్నమాచార్య సంకీర్తనల రాగిరేకులను చదివి, పరిష్కరించి, అచ్చులోకి తెచ్చే పనిలో అక్కడ వేటూరి ప్రభాకరశాస్త్రి జీవితపు చివరి ఏళ్లు గడిపారు. తర్వాత రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ ఆ పాటలకు స్వరాలు కూర్చారు. 1956లో సంస్థ విశ్వవిద్యాలయం చేతికి వచ్చింది. వేలకొద్దీ తాళపత్ర ప్రతులు అక్కడ ఉన్నాయి. ఈరోజు పెళ్లి పందిట్లో మైకు పట్టుకుని అన్నమయ్య కీర్తన అందుకునేవాళ్లు ఆ గదుల్లో కళ్లు పోగొట్టుకున్న పండితులకు ఎంత రుణపడ్డారో!

---

పుట్టింటి పంపకాలు

మొదట్లో ఎస్వీ యూనివర్సిటీ అంటే సీమ నాలుగు జిల్లాలూ, నెల్లూరూ. ఆదోని కుర్రాడైనా, కావలి అమ్మాయైనా డిగ్రీ పట్టా మీద ముద్ర తిరుపతిదే. తర్వాత ఒక్కొక్కరూ వేరుపడటం మొదలైంది. శ్రీబాగ్ కాగితంలో పేరున్న అనంతపురానికి 1968లో ఒక పీజీ కేంద్రం దక్కింది. 1981లో అది శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయమైంది. అంటే ఒప్పందం రాసుకున్న నలభై నాలుగేళ్లకు అనంతపురం మాట నెరవేరింది, అదీ తిరుపతి మీదుగా. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం క్యాంపస్ పక్కనే పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయం పెట్టింది. కడప పీజీ కేంద్రం 2006లో యోగి వేమన విశ్వవిద్యాలయమైంది. 2008లో నెల్లూరుకు విక్రమ సింహపురి వచ్చింది, కావలి కేంద్రం అటు వెళ్లింది. మధ్యలో 1997లో కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం పుట్టింది. పశువైద్య కళాశాల 2005లో తానే ఒక విశ్వవిద్యాలయానికి కేంద్రమైంది.

పుట్టిల్లు ఆస్తి పంచిపెట్టి తాను ముందు గదిలోకి మారినట్టుంది వ్యవహారం. ఇంటి దగ్గరికి చదువు రావడం మంచిదే, ఎవరూ కాదనరు. కానీ జిల్లాకో బోర్డు పెట్టినంత వేగంగా జిల్లాకో మంచి లైబ్రరీ, మంచి ప్రయోగశాల పెట్టలేదు. ఉన్న డబ్బునే ముక్కలు చేశారు. అనుబంధ కళాశాలల పరీక్ష ఫీజులు యూనివర్సిటీలకు పెద్ద ఆదరువు. జిల్లా పోతే ఆ ఆదరువూ పోతుంది.

సినాప్సిస్ కాలం, సంగటి కాలం

క్యాంపస్ జీవితం గురించి పాత విద్యార్థులను కదిలిస్తే మొదట వచ్చేది పాఠాల మాట కాదు, మెస్ మాట. ఆదివారం మధ్యాహ్నం కోడికూర కోసం లైన్లో నిలబడటం, నెలాఖరున మెస్ బిల్లు చూసి గుండె గుభేలుమనడం, ఊరి నుంచి వచ్చిన తమ్ముడిని గెస్టుగా దాచిపెట్టి ఒక మంచం మీద ఇద్దరు పడుకోవడం. సీటు రానివాడు రూమ్మేటు దయ మీద ఏడాదంతా గడిపేస్తాడు. పలమనేరు వాడు తెచ్చిన చెనిగ్గింజల పొడి, పుత్తూరు వాడు తెచ్చిన మామిడికాయలు ఎవరి పెట్టెలో ఉన్నా అందరివే. రాత్రిళ్లు డాబా మీదికి ఎక్కితే ఘాట్ రోడ్డు దీపాలు కొండ మీద వంకరగా వెలుగుతుంటాయి. పరీక్ష ముందు రోజు ఆ దీపాల వైపు తిరిగి దండం పెట్టుకోని నాస్తికుడిని నేనైతే చూడలేదు. మరుసటి రోజు మళ్లీ నాస్తికుడే.

యాత్రికుల ఊళ్లో చదువుకోవడంలో ఒక చిత్రం ఉంది. ఇంటి నుంచి ఎవరొచ్చినా చూడటానికే వచ్చామంటారు, తీరా దర్శనం టిక్కెట్ల సంగతి అడుగుతారు. హాస్టల్ గది మేనమామలకూ చిన్నాయనలకూ సత్రం. బ్రహ్మోత్సవాలకు గది నిండిపోతుంది. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతరొస్తే వేషాలు చూడటానికి ఊరంతా వీధుల్లోనే. సెమిస్టర్ పరీక్షలు ఎప్పుడూ ఆ వారంలోనే పడతాయని పిల్లల ఫిర్యాదు.

పరిశోధక విద్యార్థులది వేరే లోకం. వాళ్లను స్కాలర్లంటారు. పదేళ్లుగా అదే గదిలో ఉన్న అన్న ఒకరు ప్రతి బ్లాకులోనూ ఉంటారు. గైడు సంతకం, సినాప్సిస్, వైవా అనే మూడు మెట్ల మీద ఆయన జుట్టు నెరుస్తుంది. ఇలాంటి గదుల్లోంచే మంచి పనులూ వచ్చాయి. కథకుడు కేతు విశ్వనాథరెడ్డి కడప ఊళ్ల పేర్ల మీద చేసిన పరిశోధనకు పట్టా ఇచ్చింది ఈ విశ్వవిద్యాలయమే. భాషాశాస్త్రవేత్త జి.ఎన్. రెడ్డి, రచయిత కొలకలూరి ఇనాక్ ఇక్కడ ఉపకులపతులుగా పనిచేశారు. ఇంగ్లిషు శాఖలో పాఠాలు చెప్పిన మధురాంతకం నరేంద్ర తెలుగు నవల 'మనోధర్మపరాగం' రాసి 2022 కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు అందుకున్నారు. కొండ కింద కూర్చుని ఆగ్నేయాసియా, పసిఫిక్ దేశాల రాజకీయాలు చదివే ప్రత్యేక కేంద్రం కూడా ఇక్కడ ఉంది. వేరుశనక్కాయల సీమలో వియత్నాం మీద థీసిస్‌లు రాయడమంటే నాకు ముచ్చటగానే ఉంటుంది. భౌతికశాస్త్ర శాఖకు పాకాల దారిలోని గాదంకి రాడార్‌తో దగ్గరి బంధం. పైన గాలులు ఎటు వీస్తున్నాయో, మేఘాల్లో ఏం జరుగుతోందో ఆ రాడార్ ఇచ్చే లెక్కలతో ఇక్కడి పిల్లలు డాక్టరేట్లు చేశారు.

మైదానం చూసిన మాటలు

రాజకీయాల సంగతి లేకుండా ఈ క్యాంపస్ కథ పూర్తికాదు. నారావారిపల్లె నుంచి వచ్చి ఇక్కడ ఎంఏ ఎకనామిక్స్ చదివిన నారా చంద్రబాబు నాయుడు విద్యార్థి రాజకీయాల్లోంచే పైకి వచ్చారు. 1978లో పక్కనే ఉన్న చంద్రగిరి నుంచి శాసనసభకు వెళ్లారు. ఇప్పటి విద్యార్థులకు ఆ దారి లేదు. యూనియన్ ఎన్నికలు ఆగిపోయి దశాబ్దాలు గడిచాయి. ఎన్నికలు పోయినా పార్టీలు పోలేదు. జెండా మార్చుకుని, బ్యానర్ మార్చుకుని పరిపాలనా భవనం మెట్ల మీదే ఉంటాయి. సమైక్యాంధ్ర ఉద్యమ రోజుల్లో ఈ ప్రాంగణం తరగతులకన్నా దీక్షా శిబిరాలను ఎక్కువ చూసింది.

ఇక్కడి తారకరామ స్టేడియంలోనే 2014 ఏప్రిల్‌లో నరేంద్ర మోదీ ఎన్నికల సభ జరిగింది. ఆంధ్రప్రదేశ్‌కు ప్రత్యేక హోదా మాట ఆ వేదిక మీద వినిపించింది. ఆ మాట ఏమైందో పాఠకులకు నేను చెప్పక్కర్లేదు. 2017 జనవరిలో ఆయనే ప్రధానిగా మళ్లీ వచ్చి ఇదే క్యాంపస్‌లో 104వ భారత సైన్స్ కాంగ్రెస్‌ను ప్రారంభించారు. అంతకుముందు 1983లోనూ తిరుపతిలో సైన్స్ కాంగ్రెస్ జరిగింది.

---

రేణిగుంటలో దిగితే...

చెన్నై, ముంబై మధ్య తిరిగే రైళ్లు తిరుపతి ఊళ్లోకి రావు. రేణిగుంట నుంచే పోతాయి. గూడూరు, అరక్కోణం, గుంతకల్లు, తిరుపతి దారులు నాలుగూ కలిసేది ఇక్కడే. శ్రీకాళహస్తి, వెంకటగిరి పిల్లలు ఒక దారిన, పుత్తూరు, తిరుత్తణి పిల్లలు ఇంకో దారిన వచ్చి ఇక్కడ కలుస్తారు. తిరుపతి రైలు తప్పితే షేర్ ఆటో, లేకపోతే ఆర్టీసీ బస్సు. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద ఆడవాళ్లకు బస్సు టిక్కెట్టు లేదు. హాస్టల్ ఖర్చు భరించలేక ఇంట్లోనే ఆగిపోయే అమ్మాయికి ఇది నెలకు మిగిలే డబ్బుకన్నా పెద్ద విషయం. నాన్నను అడగకుండా ఇల్లు కదలవచ్చు.

---

కొత్త పొరుగువాళ్లు

రేణిగుంట నుంచి శ్రీకాళహస్తి దారి పడితే ఏర్పేడు వస్తుంది. 2015లో తిరుపతికి వచ్చిన ఐఐటీ, ఐసర్ రెండింటి శాశ్వత ప్రాంగణాలూ ఆ చుట్టుపక్కలే. సొంత భవనాలు లేని మొదటి రోజుల్లో ఐఐటీ రేణిగుంట రోడ్డులోని ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీ ఆవరణలోనే నడిచింది. మరోవైపు విమానాశ్రయం దగ్గర ఎలక్ట్రానిక్స్ కర్మాగారాలు లేచాయి. తెల్లారేసరికి కంపెనీ బస్సులు ఊరూరా తిరిగి పిల్లలను ఎక్కించుకుంటాయి. బీఎస్సీ పాసైన అమ్మాయి ముందు ఇప్పుడు రెండు బస్సులు ఆగుతున్నాయి. ఒకటి ఎమ్మెస్సీకి, ఒకటి నెల జీతానికి. ఇంట్లో అప్పు ఉంటే ఏ బస్సెక్కుతుందో ఊహించడానికి సర్వే అక్కర్లేదు.

ఐఐటీకి దేశం నలుమూలల నుంచీ పిల్లలొస్తారు. చుట్టూ ఉన్న పల్లెల పిల్లలకు అందులో కూర్చునే అవకాశం వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వడమాలపేటలోనో, కేవీబీ పురంలోనో సర్కారు బడిలో తెలుగులో చదివి, ఊరి దగ్గర డిగ్రీ చేసిన పిల్లకు అందే మెట్టు ఇప్పటికీ ఎస్వీ యూనివర్సిటీయే. ఇంట్లో మొదటిసారి ఎంఏ గడప తొక్కినవాళ్లు ఇక్కడ ఏ తరగతిలో చూసినా కనిపిస్తారు. ఒకప్పుడు యూనివర్సిటీ తన ప్రవేశ పరీక్ష తానే పెట్టుకునేది. 2021 నుంచి రాష్ట్రమంతటికీ ఒకటే పీజీసెట్. ఇంజినీరింగ్ మోజు, ఉద్యోగాల తొందర, ఆలస్యమయ్యే అడ్మిషన్లు అన్నీ కలిసి కొన్ని శాఖల్లో బెంచీలు పలచబడ్డాయి.

బల్లకు అటూ ఇటూ

బెంచీల కన్నా ముందు కుర్చీలు ఖాళీ అయ్యాయి. శాఖల పేర్లు బోర్డుల మీద అలాగే ఉన్నాయి. రిటైరైనవాళ్ల స్థానాలు ఏళ్ల తరబడి నిండలేదు. 2023లో రాష్ట్రంలోని 18 విశ్వవిద్యాలయాల్లో 3,220 అధ్యాపక పోస్టులకు ప్రకటనలు వచ్చాయి. ఫీజులు కట్టారు, దరఖాస్తులు పంపారు. వ్యవహారం కోర్టుకెక్కి ఆగింది. బోధన భారమంతా కాంట్రాక్టు, గెస్టు అధ్యాపకుల మీద పడింది. చిరుత కోసం బోను రెండు రోజుల్లో వస్తుంది, ప్రొఫెసరు మాత్రం పదేళ్లయినా రాడు. ప్రభుత్వాలు మారాయి, ఈ విషయంలో తీరు మారలేదు.

సాయంత్రం లైబ్రరీ రీడింగ్ రూముకు వెళితే ఇప్పటి క్యాంపస్ అర్థమవుతుంది. అక్కడ పాఠ్యపుస్తకాల కన్నా పోటీపరీక్షల మెటీరియల్ ఎక్కువ. గ్రూప్స్, పోలీసు, బ్యాంకు పరీక్షలు. 16,347 టీచరు పోస్టులతో 2025లో మెగా డీఎస్సీ వచ్చినప్పుడు కుర్చీ దొరకాలంటే పొద్దున్నే పుస్తకం పెట్టి పోవాల్సివచ్చింది. చదువు అయిపోయినా ఊరికి పోలేనివాళ్లు, పోతే ఇంకా ఏం చేస్తున్నావని అడుగుతారని భయపడేవాళ్లు అక్కడే ఉంటారు.

వాళ్ల మధ్య నలభై దాటిన మనిషి ఒకరు కనిపిస్తారు. ఏ శాఖకు వెళ్లినా ఇలాంటివాళ్లు ఉన్నారు కాబట్టి ఎవరి పేరూ రాయనక్కర్లేదు. ఇక్కడే ఎంఏ, ఇక్కడే పీహెచ్‌డీ, ఇక్కడే గంటల లెక్కన పాఠాలు. పొద్దున తరగతిలో బల్లకు అటువైపు నిలబడి చెప్పినాయన సాయంత్రం విద్యార్థి పక్కనే కుర్చీ లాక్కుని నెట్, సెట్ పాత ప్రశ్నపత్రాలు తిరగేస్తుంటారు. రేపు అసిస్టెంట్ ప్రొఫెసర్ నోటిఫికేషన్ వస్తే గురువూ శిష్యుడూ ఒకే పోస్టుకు దరఖాస్తు చేస్తారు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఏడింటికి ఇద్దరూ లేచి బయట బండి దగ్గర టీ తాగుతారు. డబ్బులు మాత్రం ఇంకా సారే ఇస్తున్నారు.